పోటీ పరీక్షల ప్రత్యేకం: సిర్పూర్ మాజీ ఎమ్మెల్యే కోనేరు కోనప్ప

కాగజ్‌నగర్ పట్టణం సిర్పూర్ అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది. తెలంగాణ రాష్ట్రంలోని 119 స్థానాల్లో దీనిది 1వ నంబరు. ఇది జనరల్ స్థానం. జిల్లా: కుమురం భీం ఆసిఫాబాద్. లోక్‌సభ స్థానం: ఆదిలాబాద్ (ఎస్టీ).

కోనప్ప ప్రస్థానం
- 2004: కాంగ్రెస్ అభ్యర్థిగా తొలి గెలుపు.
- 2009, 2010 ఉప ఎన్నిక: టీఆర్ఎస్ నేత కావేటి సమ్మయ్య విజయం.
- 2014: బీఎస్పీ టికెట్‌పై కోనప్ప గెలుపు. నిర్మల్‌లో గెలిచిన అల్లోల ఇంద్రకరణ్‌రెడ్డిదీ అదే పార్టీ. తర్వాత ఇద్దరూ టీఆర్ఎస్‌లో చేరారు.
- 2018: టీఆర్ఎస్ నుంచి మూడోసారి గెలుపు.
- 2023: బీజేపీ అభ్యర్థి డాక్టర్ పాల్వాయి హరీశ్‌బాబు చేతిలో ఓటమి.

రాజ్యాంగ కోణం
- ఎమ్మెల్యేకు కనీస వయసు 25 ఏళ్లు (173వ అధికరణ).
- ఫిరాయింపుల నిరోధానికి పదో షెడ్యూలును 52వ సవరణ (1985) చేర్చింది.
- పార్టీ మార్పును విలీనంగా గుర్తించడానికి శాసనసభాపక్షంలో మూడింట రెండు వంతుల మంది సమ్మతి తప్పనిసరి. మూడింట ఒక వంతు చీలికకున్న మినహాయింపును 91వ సవరణ (2003) తొలగించింది.

అభ్యర్థులకు సూచన: పేర్లు, ఏళ్లతో ఆగకండి. ప్రతి పార్టీ మార్పునూ పదో షెడ్యూలుతో కలిపి చదవండి. ఓటరు తీర్పుకు రక్షణ ఆ షెడ్యూలే.