వేసవి పంటకు ముందు మడి మట్టికి బలం

ప్రశ్న: మిద్దె మీద ఇటుకల మడుల్లో టమాటా కాపు అయిపోయింది. మట్టి గట్టిపడి, బాగా కుంగింది. మొత్తం మార్చాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మార్చనక్కర్లేదమ్మా. అందులోని ఎరువు చివికిపోవడం వల్లే మట్టి కుంగుతుంది. ముందు ఒకటి రెండు మొక్కలు పీకి వేళ్లు చూడండి. బుడిపెలుంటే నులిపురుగులు సోకినట్టే; అన్నిటినీ వేళ్లతో సహా తీసేయండి. లేకుంటే మొదళ్ల దగ్గర కోస్తే చాలు, వేళ్లు మట్టిలోనే చివుకుతాయి. పై ఆరంగుళాలు గుల్ల చేసి, రెండంగుళాల మందాన మాగిన పశువుల ఎరువు, చదరపు మీటరుకు 200 గ్రాముల వేపపిండి కలపండి. పచ్చి పేడ వద్దు, వేరుపురుగు చేరుతుంది. తడిపి, ఎండుటాకులు కప్పి రెండు వారాలు ఆగండి. ఫిబ్రవరిలో బెండ, గోరుచిక్కుడు, బీర విత్తండి. బుడిపెలు కనిపించిన మడిలో మాత్రం ఈసారికి బంతి వేయండి.