పాదానికీ పలకకీ మధ్య: స్నోబోర్డు బైండింగు చెప్పే డిజైను పాఠాలు

జూన్ నెల వచ్చిందంటే మా గంగాలిన్‌లో ఏ తెలుగువారింటికి వెళ్ళినా ఒకటే చర్చ: "ఈసారి మంచుకి ఎప్పుడు వెడుతున్నారు?" కాన్‌బెర్రాకి ఉత్తర భాగంలో ఉన్న మా పేటనించి మొనారో హైవే మీద, కూమా మీదుగా సుమారు రెండున్నర గంటలు ప్రయాణం చేస్తే జిండబైన్ వస్తుంది. అక్కణ్ణించి పెరిషర్, థ్రెడ్‌బో మంచుకొండలు దగ్గరే. ఆ కూమాలోనే పుట్టిన టోరా బ్రైట్ 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో స్నోబోర్డు హాఫ్‌పైప్ పోటీలో బంగారు పతకం గెలిచింది. అక్టోబరు మొదట్లో మా సీజను ముగుస్తుంది. తరవాత రెండు నెలలకి డెన్వర్‌లో, సియాటిల్‌లో ఉన్న మీ వంతు మొదలవుతుంది.

స్నోబోర్డు అనగానే అందరూ పలక గురించే మాట్లాడతారు. నేను చెప్పబోయేది పలకకీ పాదానికీ మధ్య ఉండే బైండింగు గురించి. మన భాషలో చెప్పాలంటే అదొక ఇంటర్‌ఫేసు. ఇంటర్‌ఫేసు సరిగ్గా లేకపోతే రెండు వైపులా ఎంత మంచి సిస్టమ్స్ ఉన్నా ఏమవుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ తేడా ఒక్కటే: దెబ్బ తగిలేది సర్వర్‌కి కాదు, చీలమండకి.

భాగాలు, వాటి పనులు

1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ రెండు స్కీలని పక్కపక్కన బిగించి, పిల్లల ఆటకోసం "స్నర్ఫర్" తయారు చేశాడు. దానికి బైండింగులు లేవు. ముందు కొసకి కట్టిన తాడు పట్టుకుని నిలబడడమే. జేక్ బర్టన్ కార్పెంటర్ 1977లో వెర్మాంట్‌లో బోర్డుల తయారీ మొదలుపెట్టాడు. ఆ తరం వాళ్ళు పాదాల్ని పలకకి కట్టడం మొదలుపెట్టాక అది కేవలం జారడం కాకుండా, కావలసిన వైపు తిరగగలిగే ఆట అయింది.

ఈనాటి మామూలు బైండింగులో నాలుగు ముఖ్య భాగాలున్నాయి. బోర్డుకి మరలతో బిగించే అడుగు పలక, పిక్క వెనక నిలబడే హైబ్యాక్, మీగాలు మీద చీలమండ పట్టీ, వేళ్ళ దగ్గర ఇంకో పట్టీ. మడమవైపు అంచు మీద తిరగాలంటే పిక్కతో హైబ్యాక్‌ని వెనక్కి నొక్కుతాం. అప్పుడు వేళ్ళ వైపు పైకి లేస్తుంది, బలం వేళ్ళ పట్టీ మీద పడుతుంది. వేళ్ళవైపు అంచు మీద తిరిగేటప్పుడు మడమ పైకి లేవాలని చూస్తుంది. దాన్ని చీలమండ పట్టీ ఆపుతుంది.

గట్టిగా కడితే భద్రమా?

కొత్తవాళ్ళందరికీ వచ్చే ఆలోచన ఇదే: పట్టీ ఎంత బిగిస్తే అంత భద్రం. రాట్చెట్‌ని టకటకా లాగేస్తారు. పది నిమిషాల్లో పాదం తిమ్మిరెక్కుతుంది. మీగాలు దగ్గర నరాలూ, రక్తనాళాలూ, స్నాయువులూ చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి కనక అక్కడ నొక్కితే నొప్పీ, చలీ రెండూ పెరుగుతాయి.

చిన్న లెక్క చూద్దాం. పట్టీ 300 న్యూటన్ల బలంతో లాగుతోందనుకోండి. అది 25 చదరపు సెంటీమీటర్ల మీద పడితే ఒక్కో చదరపు సెంటీమీటరుకి 12 న్యూటన్లు. పట్టీ ఆకారం మార్చి అదే బలాన్ని 50 చదరపు సెంటీమీటర్లకి పరిస్తే 6 న్యూటన్లే. పట్టు తగ్గలేదు, ఒత్తిడి సగమైంది. మంచి పట్టీలు వెడల్పుగా, బూటు వంపుకి సరిపోయే అచ్చులో ఉండడానికి కారణం ఇదే.

అంతకన్నా ముఖ్యమైనది పట్టీ లాగే దిశ. నేరుగా కిందకి నొక్కే పట్టీకన్నా, బూటుని ఏటవాలుగా వెనక్కీ కిందకీ లాగి మడమని దాని గూట్లో కూర్చోబెట్టే పట్టీ తక్కువ బిగింపుతోనే ఎక్కువ పట్టు ఇస్తుంది. అంటే పట్టు ఆకారంనించి రావాలి. బిగింపు దానికి తోడు మాత్రమే.

ఇక్కడ మనకి బాగా తెలిసిన పొరపాటు ఒకటుంది. అద్దెకి తీసుకున్న బూటు ఒక సైజు పెద్దదైతే లోపల మడమ పైకి లేస్తుంది. లోపం బూటులో ఉంటే, బిగించేది బైండింగుని. ఒక లేయర్‌లో బగ్‌కి ఇంకో లేయర్‌లో ప్యాచ్ వెయ్యడమన్నమాట. బగ్ పోదు, కొత్త నొప్పి వస్తుంది.

క్లిక్ బైండింగుల కథ

పట్టీలు కట్టుకోవాలంటే మంచులో కూర్చోవాలి, వంగాలి, గ్లవ్స్‌తో తంటాలు పడాలి. అందుకని 1990లలో షిమానో వంటి కంపెనీలు అడుగు వేస్తే క్లిక్‌మని పట్టుకునే స్టెప్-ఇన్ బైండింగులు తెచ్చాయి. బూటు అడుగున లోహపు ముక్క, దాన్ని పట్టుకునే యంత్రం. షోరూములో అద్భుతం. కొండ మీద ఆ ముక్క చుట్టూ మంచు గడ్డకట్టి యంత్రం సరిగ్గా పట్టుకునేది కాదు. పైగా పట్టీలు చేసే పని బూటు చెయ్యవలసి రావడంతో బూట్లు బిరుసెక్కాయి, సౌకర్యం పోయింది. కొండ నాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయింది. కొన్నేళ్ళకే అవి దాదాపు కనుమరుగయ్యాయి.

2017లో బర్టన్ కంపెనీ "స్టెప్ ఆన్" పేరుతో మళ్ళీ అదే ప్రయత్నం చేసింది. ఈసారి పట్టు అరికాలి కింద లేదు. వేళ్ళ దగ్గర చెరో పక్కా ఒకటి, మడమ వెనక ఒకటి, మొత్తం మూడు చోట్ల. ఆలోచన పాతదే, కానీ పట్టుకునే చోటు మారింది. మంచు పేరుకునే చోటునించి యంత్రాన్ని తప్పించడమే అసలు మెరుగుదల. దీనికి ఒక ఖరీదుంది: దానికి తగిన బూట్లే వాడాలి. వెండర్ లాక్-ఇన్ అన్నమాట!

ఊడిపోతే భద్రమా?

స్కీ బైండింగులు పడేటప్పుడు వాటంతటవే ఊడతాయి. మనిషి బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు పొడవు చూసి ఎంత బలానికి ఊడాలో ముందే అమరుస్తారు. మామూలు స్నోబోర్డు బైండింగులు ఊడవు. ఎందుకని?

స్కీల్లో ఒక్కో కాలికీ వేరే పలక. స్నోబోర్డులో రెండు పాదాలూ ఒకే పలక మీద ఉంటాయి కనక ఒక కాలు మెలిపడకుండా ఇంకో కాలు అడ్డుకుంటుంది. ఒకటి మాత్రమే ఊడితే ఆ రక్షణ పోతుంది. ఒకే కాడికి కట్టిన రెండెద్దుల్లో ఒకటి హఠాత్తుగా తప్పించుకుంటే మెలికంతా రెండోదాని మెడ మీద పడినట్టు, పలక బరువంతా మిగిలిన మోకాలి మీద పడుతుంది. డేటాబేసుల భాషలో ఇది అటామిక్ ట్రాన్సాక్షన్: రెండూ ఊడాలి, లేదా రెండూ ఊడకూడదు. మంచులో, గడ్డకట్టే చలిలో రెండు యంత్రాలు ఒకే క్షణంలో తప్పకుండా ఊడేట్టు చెయ్యడం కష్టం కనక, రెండూ ఊడకపోవడమే మామూలు డిజైను అయింది.

అందుకే లిఫ్టు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు జాగ్రత్త అవసరం. అప్పుడు వెనక కాలు విప్పి ఉంటుంది, ముందు కాలు కట్టి ఉంటుంది. మోకాలికి ముప్పు ఉన్న స్థితి సరిగ్గా అదే. పెరిషర్‌లో ఉన్న టీ-బార్ లిఫ్టుల మీద కొత్తవాళ్ళు పడిపోవడం మామూలే.

అద్దెకి తీసుకునేముందు

1. మొదట బూటు చూడండి. మోకాలు ముందుకి వంచినప్పుడు మడమ లేవకూడదు. లేస్తే చిన్న సైజు అడగండి.

2. బూటు వేళ్ళవైపూ మడమవైపూ బోర్డు అంచునించి ఇంచుమించు సమానంగా బయటికి రావాలి.

3. కొత్తవాళ్ళకి హైబ్యాక్ ముందుకి వంచి ఉండక్కర్లేదు. వంచితే కాళ్ళు తొందరగా అలిసిపోతాయి.

4. అడుగు పలక మరలు అదురుకి వదులవుతాయి. రోజూ ఉదయం ఒకసారి బిగించండి.

5. గ్లవ్స్ తొడుక్కుని, ఒంటి చేత్తో రాట్చెట్ విప్పి చూడండి. పిల్లల చేత కూడా విప్పించి చూడండి. వాళ్ళకి రాకపోతే ఆ బైండింగు వాళ్ళది కాదు.

చివరిగా ఒక మాట. మెత్తని బూట్లతో స్నోబోర్డు చేసేవాళ్ళకి చీలమండ బయటివైపు టాలస్ అనే ఎముక అంచు విరగడం వైద్యులకి బాగా తెలిసిన గాయం. చూడ్డానికి మామూలు బెణుకులాగే ఉంటుంది, సాధారణ ఎక్స్‌రేలో తప్పిపోవచ్చు. పడ్డాక అక్కడ నొప్పి తగ్గకపోతే, "స్నోబోర్డు మీద పడ్డాను" అని డాక్టరుకి విడిగా చెప్పండి. అవసరమైతే సీటీ స్కాను తీస్తారు. సోమవారం ఆఫీసుకి కుంటుతూ వెళ్ళి, అదే తగ్గిపోతుందిలే అనుకోకండి.