హెచ్-ఇండెక్స్: పరిశోధకుడి బరువు తూచే అంకె

ఒక శాస్త్రవేత్త పత్రాన్ని మరొకరు తమ పత్రంలో ఉదహరిస్తే అది ఒక సైటేషన్. ఈ లెక్కకు పునాది వేసింది అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్. ఆయన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ 1964లో వెలువడింది. హెచ్-ఇండెక్స్‌ను 2005లో ప్రతిపాదించింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ (శాన్ డియాగో) భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్.

లెక్క ఇలా: ఒకరి ఆరు పత్రాలకు వరుసగా 50, 18, 7, 5, 4, 1 సైటేషన్లు వచ్చాయనుకోండి. కనీసం నాలుగేసి వచ్చినవి నాలుగుకు తగ్గకుండా ఉన్నాయి. అయిదేసి వచ్చినవి అయిదు లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. మొదటి పత్రానికి 50 బదులు 5,000 వచ్చినా అదే 4! ఈ కొలమానంలోని అసలు లొసుగు ఇదే. గూగుల్ స్కాలర్ చూపే ఐ10 ఇంకా సులువు: పది లేదా అంతకు మించి సైటేషన్లున్న పత్రాల సంఖ్య.

గణితంలో సైటేషన్లు తక్కువ, జీవశాస్త్రంలో ఎక్కువ. అందుకే రెండు రంగాలవారిని ఒకే అంకెతో పోల్చడం సరికాదు. పైగా పద్ధతులు చెప్పే పత్రాలకే గిరాకీ. ప్రొటీన్‌ను కొలిచే విధానంపై శాస్త్రవేత్త లోరీ బృందం 1951లో రాసిన పత్రానికి 3 లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. అది అచ్చయిన జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలోనే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా దశాబ్దాల పాటు ప్రయోగశాలలు దాన్ని వాడాయి, ఉదహరించాయి.