చదరంగపు గళ్లలో చోళ్లు

మన అరకు కొండలలో పండెడు చోళ్లు మిక్కిలి చిన్నగింజలు. వానితో నొక లెక్క చేయుదము. చదరంగపు బల్లపై మొదటి గడిలో 1, రెండవదానిలో 2, మూడవదానిలో 4, ఇట్లు గడిగడికి రెట్టింపుగా 64 గళ్లను నింపవలెను. మొత్తము గింజలెన్ని?

ఇది క్రొత్త ప్రశ్న గాదు. పావులూరి మల్లన తన తెలుగు గణితమున దీని ఫలము నొక్క పద్యములో నిమిడ్చెను. శరములనగా 5, చంద్రుడనగా 1, బ్రహ్మముఖములనగా 4 అని పేర్లతో నంకెలను సూచించుచు, ఒకట్ల స్థానమునుండి మొదలిడి చెప్పెను. ఆ సంఖ్య యిది: 1,84,46,74,40,73,70,95,51,615. సెకండున కొక గింజ చొప్పున రేయింబవళ్లు లెక్కించినను 58 వేల కోట్ల సంవత్సరములు చాలవు.

ఈ యిరువది యంకెలను దించుకొనునపుడు మేమును తప్పితిమి. అంకెలన్నియు కూడిన 87 రావలెను. రాకున్న నెచ్చటనో తప్పున్నది. 87ను 3 భాగించును గావున సంఖ్యనుగూడ 3 భాగించును. చివర 5 ఉండుటచే 5ను భాగించును. అంకెలు తారుమారైనచో మాత్రము ఈ యుపాయము పట్టజాలదు.

గళ్లన్నిటిని కూడనక్కరలేదు. 1, 2, 4 కూడిన 7. తరువాతి గడిలో 8. ఎన్ని గళ్లు తీసికొన్నను మొత్తము తరువాతి గడికంటె ఒకటి తక్కువయే. కావున మొదటి వరుస 255. రెండవ వరుసలో ప్రతిగడియు పైవరుసలో తనకు నేరుగానున్న గడికి 256 రెట్లు. గనుక రెండు వరుసలును కలిసి 255ను 257చే గుణించినంత, అనగా 65,535. ఈ రీతినే దీనిని 65,537చే గుణించిన నాలుగు వరుసలును, ఆ ఫలమును మరల 4,29,49,67,297చే గుణించిన బల్లయంతయు వచ్చును. 257, 65,537 అను సంఖ్యలను 1యు, తామును దప్ప వేరొక సంఖ్య భాగింపదు. కడపటిదియు నట్టిదే యని ఫ్రాన్సు దేశపు పండితుడు ఫెర్మా తలచెను. 1732లో ఆయిలరు దానిని 641 భాగించునని చూపెను, ఫలము 67,00,417. గొప్పవారును ఊహను నమ్మి తప్పుదురు, గుణించి చూచుకొనుడు.

రెట్టింపు బల్లమీదనే యున్నంతవరకు వేడుక. కుంచము చోళ్లు విత్తనమునకు అప్పు తెచ్చి, పంటకు రెండు కుంచములు కొలువవలసినవాడు కొలువలేకపోయినచో, బాకీ గడిగడికి నడచును. పది పంటలు తప్పినచో 1,024 కుంచములు. 4 కుంచములు తూముగా, 20 తూములు పుట్టిగా నెంచిన, 12 పుట్ల 16 తూములు! అట్టి పంట యే చరియలో పండును? మద్రాసు ప్రభుత్వము 1917లో ఏజెన్సీ ప్రాంతములకు చేసిన చట్టము కొండజాతులవారి అప్పులపై చక్రవడ్డీని నిషేధించెను. వడ్డీ మొత్తము అసలును మించరాదనెను. అనగా మన బల్లమీద అప్పు రెండవ గడి దాటరాదు.