ఇల్లు కట్టి చూడు, ఇల్లు సర్ది చూడు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. కట్టడంలో ఉన్న కష్టాన్ని గురించి చెప్పారు గాని, కట్టిన ఇంటిని సర్దడంలో ఉన్న కష్టాన్ని గురించి వారేమీ అనలేదు. సామాను తక్కువగా ఉండే ఆ రోజుల్లో అంత అవసరం పడలేదు కాబోలు. ఈనాడు కంప్యూటరులోనూ, సెల్‌ఫోనులోనూ ఆడే ఆటల్లో ఇల్లు కట్టుకుని, అందులో మంచాలూ కుర్చీలూ అమర్చుకోవడమే ఒక పెద్ద విద్య అయింది. ఒకరు కట్టిన ఇంటిని వేరే దేశంలో ఉన్న మరొకరు చూసి మెచ్చుకోవడమూ జరుగుతోంది.

"ఆటలో కుర్చీ ఎక్కడ వేయాలన్నది కూడా ఒక చదువేనా?" అని మా అధ్యాపకులు నవ్వవచ్చు. రెండేళ్ళ క్రితం నేనూ అలాగే నవ్వాను. ఆ నవ్వు ఎలా పోయిందో, అందులోంచి ఏం నేర్చుకున్నానో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మాది తగరపువలస. భీమిలి రోడ్డు వైపు మా తాతగారి పెంకుటిల్లు ఉండేది. వాటాలు తేలక దాన్ని అమ్మేశారు. కొన్నవారు 2019లో పడగొట్టి మేడ కట్టుకున్నారు. మాకు మిగిలింది మా అత్త పెళ్ళినాటి ఫోటో ఒక్కటి. ఆ ఇంటిని మైన్‌క్రాఫ్ట్ అనే ఆటలో మళ్ళీ కడదామన్న ఆలోచన హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా బాబాయి కొడుకుది. డల్లాస్‌లో ఉన్న మా మేనత్త కూతురు కూడా కలిసింది. మాకు ఆదివారం ఉదయమైతే దానికి శనివారం రాత్రి. అలా వారానికి రెండు గంటలు పని సాగింది.

1. ఈ ఆట పుట్టుక

ఇల్లు సర్దే ఆటల్లో పేరు మోసింది ద సిమ్స్. దాన్ని రూపొందించినవాడు విల్ రైట్ అనే అమెరికా దేశస్థుడు. 1989లో నగరాలు కట్టే సిమ్‌సిటీ ఆటతో ఆయనకు పేరు వచ్చింది. 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొండల్లో కార్చిచ్చు రేగింది. 25 మంది చనిపోయారు, వేల ఇళ్ళు కాలిపోయాయి. వాటిలో రైట్ ఇల్లు కూడా ఒకటి. మళ్ళీ ఒక్కొక్క వస్తువూ సమకూర్చుకుంటున్నప్పుడు ఏ వస్తువు మనిషికి ఎందుకు కావాలన్న ప్రశ్న ఆయనకు తట్టింది. క్రిస్టఫర్ అలెగ్జాండర్, ఆయన సహచరులు 1977లో వెలువరించిన ఎ పాటర్న్ లాంగ్వేజ్ అనే వాస్తుశిల్ప గ్రంథం ప్రభావమూ ఆయన మీద ఉంది. ఆ ఆలోచనల ఫలితంగా 2000 ఫిబ్రవరిలో ద సిమ్స్ వెలువడింది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. మొదట ఆయన తలపెట్టింది కేవలం ఇల్లు కట్టే ఆట. కట్టిన ఇల్లు బాగుందా లేదా అని తేల్చడానికి అందులోకి చిన్న చిన్న మనుషుల్ని పంపించారు. చివరకు ఆ మనుషులే ఆటకు ప్రాణమయ్యారు. వాళ్ళకు ఆకలి, నిద్ర, కాలక్షేపం వంటి అవసరాలుంటాయి. ఆ ఇంట్లో ప్రతి వస్తువూ తాను ఏ అవసరం తీర్చగలదో చుట్టుపక్కల చాటుతూ ఉంటుంది. ఆకలైన మనిషిని ఫ్రిజ్ పిలుస్తుంది, అలసిన మనిషిని మంచం పిలుస్తుంది. దారికి అడ్డంగా సోఫా వేశామా, మనిషి అక్కడే ఆగిపోయి చేతులూపుతూ గోల చేస్తాడు. అంటే సర్దుబాటుకు మార్కులు వేసేది చూసే కన్ను కాదు, నడిచే కాలు. ఈ మాట అప్పట్లో చదివి వదిలేశాను. అసలు అర్థం తరువాత మామ్మ చెప్పింది.

2. కొలత

మైన్‌క్రాఫ్ట్ పద్ధతి వేరు. స్వీడన్‌లోని మోజాంగ్ సంస్థ తయారుచేసిన ఈ ఆట 2011 నవంబరులో పూర్తి రూపంలో వచ్చింది. 2014లో ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ఇందులో లోకమంతా ఘనాకారపు దిమ్మెలే. ఒక్కొక్క దిమ్మె ఒక మీటరు, అనగా ఇంచుమించు మూడడుగుల మూడంగుళాలు. మనిషి ఎత్తు రెండు దిమ్మెలకు కొంచెం తక్కువ.

మా ఇంటి లోపలి వెడల్పు పదహారడుగులు, పొడవు అరవై అడుగులు. అంటే ఐదు దిమ్మెల వెడల్పు, పద్ధెనిమిది దిమ్మెల పొడవు. వీధి గది పొడవు పదడుగులు, అంటే మూడే దిమ్మెలు. అందులో ఒక కుర్చీ వేస్తే మూడో వంతు అయిపోతుంది! అందుకని అందరూ చేసే పొరపాటే మేమూ చేశాం. అన్ని కొలతలూ రెట్టింపు చేశాం. సామాను చక్కగా అమరింది గాని, గుమ్మాలు నాలుగు దిమ్మెల ఎత్తు లేచాయి. మామ్మకు చూపిస్తే, "ఇదేట్రా, మన ఇల్లేటి? కోవిల్లాగుంది" అంది. మొత్తం పడగొట్టి అసలు కొలతతో మళ్ళీ మొదలుపెట్టాం.

చిన్న గదికి మందు గోడలోనే దొరికింది. ఆటలో గోడ మందం ఒక దిమ్మె. ఆ గోడలోంచి ఒక దిమ్మె తీసేస్తే గూడు ఏర్పడుతుంది. అందులో లాంతరు పెట్టవచ్చు, పీపా పెట్టవచ్చు, నేల ఒక్క అడుగు కూడా పోదు. మన పాతకాలపు మట్టిగోడల్లో దీపపు గూళ్ళు, పుస్తకాల గూళ్ళు ఉండేవి చూడండి, ఇదే ఉపాయం. ఇరుకింటికి బీరువా గోడలోనే ఉండాలి.

3. లేని వస్తువును ఉన్నవాటితో చూపడం

మైన్‌క్రాఫ్ట్‌లో మంచం ఉంది గాని కుర్చీ లేదు, బల్ల లేదు. అయినా అందరి ఇళ్ళలోనూ కుర్చీలూ బల్లలూ కనిపిస్తాయి. ఎలాగంటే:

కుర్చీ: మెట్ల కోసం ఇచ్చిన దిమ్మె ఒకటి పెట్టి, దాని రెండు పక్కలా పేరు రాసే పలకలు తగిలిస్తే చేతుల కుర్చీ అయింది.

బల్ల: కంచె గుంజ ఒకటి నిలబెట్టి, పైన తివాచీ ముక్క పరిస్తే ఒంటికాలి బల్ల.

ఉయ్యాల బల్ల: పైకప్పు నుంచి గొలుసులు దించి, వాటి కింద సగం మందం పలకలు అమర్చాలి. పలక తన గడిలో పై సగంలో ఉండేటట్టు పెట్టాలి, లేకపోతే గొలుసుకూ పలకకూ మధ్య సందు కనిపించి బల్ల గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది.

గాదె: పెట్టె మీద గట్టి దిమ్మె ఉంటే పెట్టె మూత తెరుచుకోదు. పీపాకు ఆ ఇబ్బంది లేదు. కనుక పీపాలను ఒకదాని మీద ఒకటి పేర్చి గాదె అనిపించవచ్చు, అందులో నిజంగానే సరుకు దాచుకోవచ్చు.

పొయ్యి: నెగడు పెట్టాలి. ఆటలో మామూలు మంట పక్కనున్న కలపకు అంటుకుంటుంది, నెగడు అంటుకోదు.

ముగ్గు: మెరుగు పూసిన టెర్రకోటా దిమ్మెల మీద అల్లిక గీతలుంటాయి. మనం ఏ దిక్కుకు తిరిగి పెడితే గీత ఆ దిక్కును బట్టి తిరుగుతుంది. నాలుగు దిక్కులకూ ఒక్కొక్కసారి తిరిగి నాలుగు దిమ్మెలను చదరంగా పెడితే గీతలు కలిసి ముగ్గవుతుంది. మా వీధి వాకిట్లో డల్లాస్ అమ్మాయి వేసిన ముగ్గు ఇదే.

ఇది కొత్త విద్య అనుకోనక్కరలేదు. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో పుట్టినవారికి ఇది తెలిసిన సంగతే. అద్దం ముక్క పెట్టి చుట్టూ ఇసుక పోస్తే చెరువు. పళ్ళెంలో మొలకెత్తిన గింజలు పచ్చని పొలం. ఏటికొప్పాక లక్క బొమ్మా, ఎక్కడో తిరనాళ్ళలో కొన్న ప్లాస్టిక్ బొమ్మా పక్కపక్కన కూర్చుని పెళ్ళివారవుతారు. అద్దాన్ని చెరువు చేసింది అద్దం గొప్ప కాదు, చుట్టూ ఉన్న ఇసుక. వస్తువుకు పేరు ఇచ్చేది దాని చోటు.

4. దాచవలసినవి

రాత్రిపూట ఇల్లు చీకటిగా ఉంటే ఆటలో రాక్షసులు పుడతాయి. దీపాలు ఎక్కువ పెడితే పెళ్ళి పందిరిలా ఉంటుంది. దీనికి ఉపాయం, వెలుగునిచ్చే దిమ్మెను నేలలో పాతి పైన తివాచీ పరచడం. తివాచీ వెలుగును అడ్డుకోదు. దీపం కనిపించకుండా గది వెలుగుతుంది.

తలుపుచెక్కలు మరొక సాధనం. నేల మీద మూతగా వేసే ఆ పలుచని పలకలను నిలబెడితే కిటికీ రెక్కలు, అడ్డంగా పెడితే అరలు అవుతాయి. గోడకు కొట్టే చట్రంలో గడియారం ఉంచితే గోడగడియారం, అదే చట్రాన్ని నేల మీద పరిచి గిన్నె ఉంచితే పీట ముందు వడ్డించిన గిన్నె.

ఇన్ని ఉపాయాలూ ప్రయోగించి మూడు నెలల్లో ఇల్లు పూర్తి చేశాం. పెళ్ళి ఫోటో ముందు పెట్టుకుని ఒక్కొక్క వస్తువూ అందులో ఉన్నచోటే పెట్టాం. మాకు మేమే నూటికి నూరు మార్కులు వేసుకున్నాం.

5. మామ్మ దిద్దిన తప్పులు

ఒక ఆదివారం మామ్మను ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి ఇల్లంతా తిప్పి చూపించాను. పెరట్లోకి రాగానే ఆపమంది.

"నీళ్ళ గాబు గోడకి ఆనించేశావేటి? బిందె ఎక్కడ దించుతారు? ఇటోళ్ళు ఇటు, అటోళ్ళు అటు నిలబడి ముంచుకోవాలి కదరా."

నిజమే. చూపుకు గోడవారన అందంగా ఉంది గాని, వాడకానికి మధ్యలో ఉండాలి. గాబును రెండు దిమ్మెలు ఇవతలికి జరిపాం. తరువాత అరుగు ఎక్కువ ఎత్తు కట్టామంది. తిరగలి వెలుతురుకు దూరంగా ఉందంది. అవీ మార్చాం. ఆఖరున వీధి వసారాలో తాతగారి పడక్కుర్చీ చూసి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత,

"అది అక్కడుండేది కాదు" అంది.

"ఫోటోలో అక్కడే ఉంది కదా మామ్మా?" అన్నాను.

"ఫోటో తీసేవాడు జరిపించాడ్రా. పెళ్ళికొచ్చిన మందికి చోటు కావాలని. రోజూ ఉండేది ఆ మూల. అక్కడ కూకుంటే ఇటు భీమిలి బస్సు కనిపిస్తాది, అటు వంటింట్లోంచి నేను పిలిస్తే వినిపిస్తాది."

కుర్చీని మూలకు జరిపి, ఆటలోని మనిషిని అక్కడ నిలబెట్టి చూశాను. ఒక పక్క రోడ్డు. తల తిప్పితే వీధి గుమ్మం, నడిమి గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరసలో ఉండి, వాటిలోంచి నుయ్యి కనిపించింది. ఆ ఇంట్లో పన్నెండేళ్ళు పెరిగాను. ఒక్క కుర్చీలో కూర్చుంటే ఇల్లంతా తెలుస్తుందన్న సంగతి నాకు తెలియదు. ఫోటో అబద్ధం చెప్పిందని అనను. అది పండగనాటి ఇంటిని చూపింది. మేము కట్టవలసింది మామూలు రోజు ఇంటిని.

సిమ్స్ ఆటలో ఆ చిన్న మనుషులు చేతులూపి గోల చేయడం నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. వస్తువుకు పేరు ఇచ్చేది చోటు అన్నాను. ఆ చోటును నిర్ణయించేది మనిషి నడక, చూపు, పిలుపు. ఇది మరచిపోతే ఎన్ని ఉపాయాలు తెలిసినా మనం సర్దేది దుకాణాన్నే గాని ఇంటిని కాదు.

6. తోటి విద్యార్థులకు

ఆటలో ఇల్లు సర్దేవారికి నేను నేర్చుకున్న క్రమం చెబుతాను. ముందు గుమ్మం నుంచి గుమ్మానికి నడిచే దారి గుర్తించండి, ఆ దారిని ఖాళీగా వదలండి. తరువాత ప్రతి వస్తువు దగ్గరా మనిషి ఎటు నిలబడతాడో చూసి అంత చోటు విడవండి. ఆ పైన కూర్చునే చోటు నుంచి ఏం కనిపిస్తుందో చూడండి. అలంకారం ఆఖరున. హాస్టలు గదిలో ముగ్గురు సర్దుకోవడానికి కూడా ఈ క్రమమే పనికి వస్తుంది.

ఇంకొక్క మాట. మామ్మకు ఇప్పుడు 84 ఏళ్ళు. నూతి పక్కనున్న చెట్టు ఏమిటో కనుక్కుని తరువాత నాటుదామని మేము వాయిదా వేశాం. ఈ మధ్య అడిగితే ఆలోచించి, "గుర్తు రావట్లేదురా" అంది. ఆటలో ఆ చోటు ఖాళీగానే ఉంచాం. మా నాన్న కరివేపాకు అంటారు, అత్త జామ అంటుంది.

తగరపువలస నుంచి భీమిలి దాకా రోడ్డు వారనున్న పెంకుటిళ్ళు ఏటికేడాదీ తగ్గుతున్నాయి. అన్నిటినీ నిలబెట్టడం మన చేతిలో లేదు. కాని ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఒక టేపూ, ఒక నోటు పుస్తకమూ పట్టుకోండి. గదులు కొలవండి. ఏ వస్తువు ఎక్కడుండేదో, ఎందుకక్కడ ఉండేదో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి. తరువాత దాన్ని ఆటలో కడతారో, కాగితం మీద గీస్తారో మీ ఇష్టం. చెట్టు పేరు మాత్రం ముందే అడగండి.