అయిదు వాట్ల పిలుపు

హైదరాబాదునకు దక్షిణముగ సుమారు ఎనుబది కిలోమీటర్ల దూరమున కల్వకుర్తి పట్టణము కలదు. అచటి నుండి అచ్చంపేట మీదుగ శ్రీశైలము వైపు సాగినకొలది మెట్టచేలు తఱిగి నల్లమల యడవులు మొదలగును. ఆ యడవి లోపలి చెంచుపెంటలలో సెల్‌ఫోను సంకేతము సరిగా నందని చోట్లు నేటికిని కలవు. పట్టణవాసులకు మాత్రము చేతిలో ఫోను ఉండగా వేఱొక సాధనముతో పనియేమి యని తోచును. కాని ఫోనులోని మాట గాలిలో పోవునది కొలది దూరమే. సమీపముననున్న టవరును చేరిన పిమ్మట అది తీగల మీదను, పెక్కు యంత్రముల మీదను ఆధారపడి ప్రయాణము చేయును. విద్యుత్తు నిలిచి టవరు కూలినచో చేతిలోని ఫోను మూగవోవును. అట్టి వేళ ఒక తీగ, ఒక బ్యాటరీ, ఒక చిన్న పెట్టె సాయముతో వందల కిలోమీటర్ల దూరము మాటలాడగలవారు కొందఱు కలరు. వారే ఔత్సాహిక రేడియో నిర్వాహకులు. లోకము వారిని ‘హామ్’లని పిలుచును.

హామ్ జీతము కొఱకు పనిచేయువాడు కాడు. తన రేడియో ద్వారా వ్యాపారము చేయరాదు. పాటలు ప్రసారము చేయరాదు. ఇతరులకు తెలియని రహస్యభాష వాడరాదు. రేడియో విద్యను నేర్చుట, దూరమున నున్నవారితో స్నేహము చేయుట, ఆపదలో సాయపడుట అతని పనులు. మన దేశమున పండ్రెండేండ్లు నిండినవారు ప్రభుత్వము జరుపు పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందవచ్చును. లైసెన్సుతో పాటు ప్రతివానికిని ఒక సంకేతనామము లభించును. భారతదేశపు హామ్‌ల పేర్లు సాధారణముగ ‘వి.యు.2’ అనియో ‘వి.యు.3’ అనియో ఆరంభమగును. ప్రపంచములో నొకరి సంకేతనామము వేఱొకరికి ఉండదు.

ఈ విద్యకు నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. 1901 డిసెంబరు 12న మార్కోనీ ఇంగ్లండు నుండి పంపబడిన మూడు చుక్కల సంకేతమును అట్లాంటిక్ మహాసముద్రమున కావలనున్న న్యూఫౌండ్‌లాండులో విన్నట్లు ప్రకటించెను. దూరము పోవలెనన్న పొడుగాటి తరంగములే కావలెనని ఆ కాలపు ఇంజనీర్లు నమ్మిరి. అందుచే 1912లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసి, రెండువందల మీటర్లకు మించని పొట్టి తరంగములను మాత్రమే ఔత్సాహికులకు విడిచెను. అవి యెందుకును కొఱగానివని అప్పటి వారి తలంపు. కొఱగానివని పాఱవేసిన వస్తువునే ఔత్సాహికులు ఓర్పుతో పరీక్షించిరి. 1923 నవంబరులో ఫ్రాన్సు దేశపు లియోన్ డెలాయ్ అమెరికాలోని తోటి ఔత్సాహికులతో సుమారు నూటపది మీటర్ల తరంగముపై ఇరువైపుల సంభాషణ జరిపెను.

మఱుసటి యేడు మఱింత వింత జరిగెను. లండనులోని మిల్ హిల్ పాఠశాల విద్యార్థి సెసిల్ గాయిడర్ 1924 అక్టోబరు 18న న్యూజీలాండులోని ఫ్రాంక్ బెల్ అను ఔత్సాహికునితో మాటలాడెను. బెల్ స్టేషను గొఱ్ఱెలు పెంచు ఒక క్షేత్రమున నుండెను. ఇరువురి నడుమ దూరము సుమారు 19,000 కిలోమీటర్లు. భూగోళముపై అంతకంటె ఎక్కువ దూరమునకు చోటు కొంచెమే మిగులును. ఆ గాయిడరే 1936లో మన దేశమునకు వచ్చి ఆకాశవాణికి ప్రధాన ఇంజనీరయ్యెను. పాఠశాలలో సరదాగా నేర్చిన విద్య పెక్కు భాషల ప్రజలుండు దేశమునకు ప్రసారకేంద్రములు నిర్మించుటకు ఉపకరించెను.

పొట్టి తరంగము అంత దూరము పోవుటకు కారణమేమి? భూమి గుండ్రముగ నున్నది. రేడియో తరంగము తిన్నగ పోవును. కావున అది కొంత దూరము పోయి ఆకాశమున కలిసిపోవలెను. కాని భూమికి పైన కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున సూర్యకిరణముల వలన విద్యుదావేశము పొందిన వాయువుల పొర కలదు. దానిని అయనోస్ఫియరు అందురు. అట్టి పొర ఉండవలెనని 1902లో కెనెలీ, హెవిసైడ్ అను శాస్త్రజ్ఞులు ఊహించిరి. 1924లో ఆపిల్టన్ ప్రయోగపూర్వకముగ నిరూపించెను; అతనికి 1947లో నోబెల్ బహుమానము లభించెను. పొట్టి తరంగములు ఆ పొరలో వంగి మరల భూమికి దిగివచ్చును. భూమిని తాకి మరల పైకెగసి, మరల దిగును. ఇట్లు గంతులు వేయుచు సముద్రములను దాటును.

ఇందొక విచిత్రము కలదు. ఒక హామ్ కల్వకుర్తి యొద్దనున్న గుట్ట మీద స్టేషను పెట్టెననుకొందము. అతడు పగటివేళ 14 మెగాహెర్ట్‌జుల పౌనఃపున్యముపై పిలిచినచో వేల కిలోమీటర్ల దూరమున నున్న ఐరోపావాసికి వినబడవచ్చును గాని, ఎనుబది కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదువానికి వినబడదు. నేల వెంబడి పోవు తరంగము అంతదూరము పోకమునుపే క్షీణించును. ఆకాశమునుండి దిగు తరంగము హైదరాబాదును దాటి చాల దూరమున దిగును. నడుమ నున్న ప్రదేశమంతయు మౌనమండలము. అదే హామ్ 7 మెగాహెర్ట్‌జులకు మారినచో తరంగము ఇంచుమించు నిట్టనిలువుగ పైకిపోయి, పొరలో వంగి, పైనుండి చల్లిన నీటి తుంపరల వలె చుట్టుప్రక్కల జిల్లాలపై దిగును. అప్పుడు హైదరాబాదు వారును, నల్లమల కొండల చాటున నున్నవారును వినగలరు. ఏ వేళ ఏ తరంగము వాడవలెనో ఎఱుగుటయే ఈ విద్యలోని నేర్పు.

గుట్ట మీద స్టేషను పెట్టుటకు పెద్ద సామగ్రి అక్కఱలేదు. 7.1 మెగాహెర్ట్‌జుల తరంగము పొడవు సుమారు 42 మీటర్లు. అందులో సగము 21; తీగలో నూటికి అయిదు వంతులు తగ్గింపగా 20 మీటర్లు. ఆ తీగను నడుమ తెంచి, ఇటు పది మీటర్లు, అటు పది మీటర్లు ఉండునట్లు వేపచెట్టు కొమ్మకు త్రాటితో ఎత్తి కట్టినచో ఏరియలు సిద్ధమగును. అయిదు వాట్ల ప్రసారయంత్రము పన్నెండు వోల్టుల బ్యాటరీ నుండి పంపునపుడు ఇంచుమించు ఒక ఆంపియరు తీసికొనును. వినునపుడు అందులో కొద్ది భాగమే చాలును. ఇదంతయు ఒక బడిసంచిలో పట్టును.

అయిదు వాట్లనగా ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపము వాడు శక్తి. ఇంత తక్కువ శక్తితో దూరము పోవునా యని సందేహము కలుగుట సహజము. నూఱు వాట్లను అయిదు వాట్లకు తగ్గించినచో శక్తి ఇరువది రెట్లు తగ్గును. అయినను అవతలివాని తీగలో పుట్టు వోల్టేజి నాలుగున్నర రెట్లే తగ్గును. అతని మీటరుపై ముల్లు సుమారు రెండు మెట్లు దిగును. మాటకు బదులు మోర్సు పద్ధతిలో చుక్కలు, గీతలు పంపినచో మఱింత మేలు. మాటకు రెండువేల అయిదువందల హెర్ట్‌జుల వెడల్పు కావలసియుండగా మోర్సుకు నూటయేబది చాలును. శక్తియంతయు సన్నని దారిలో పోవుటచే అది రొదలో నుండి స్పష్టముగ పైకి వినబడును. ఈ పద్ధతిపై మక్కువగల హామ్‌లు అయిదు వాట్లకు మించరాదని తమకు తామే హద్దు పెట్టుకొందురు.

సంభాషణ కుదిరినప్పుడు ఇరువురును సంకేతనామములను, శబ్దము వినబడు తీరును, తామున్న చోటును తెలుపుకొందురు. భూగోళమును గళ్లుగ విభజించిన పద్ధతిలో కల్వకుర్తి ‘ఎం.కె.96’ అను గడిలో నున్నది. హైదరాబాదు దానికి పైగడియైన ‘ఎం.కె.97’లో నున్నది. సెలవు తీసికొనునపుడు ‘73’ అను అంకె పలుకుదురు. ‘శుభాకాంక్షలు’ అని దాని భావము. పిదప ఒకరికొకరు గుర్తుకార్డులు పంపుకొందురు.

సరదాగా తోచు ఈ పని ప్రాణములు నిలుపునదియు నగును. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విఱుచుకుపడినపుడు స్తంభములు కూలి, తీగలు తెగి, వేలమంది మరణించిన వార్త వెలిలోకమునకు ఆలస్యముగ తెలిసెను. వార్త ఆలస్యమైనచో సాయమును ఆలస్యమగును. 1983లో హైదరాబాదున జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ స్థాపింపబడి, హామ్‌లకు శిక్షణ యిచ్చుటను, ఆపదలలో సాయపడుటను తన పనిగ చేసికొనెను.

2004 డిసెంబరులో ఆ సంస్థ పక్షమున భారతీ ప్రసాద్ అను మహిళ అండమాను దీవులకు పోయి, పోర్ట్ బ్లెయిరులో స్టేషను పెట్టెను. ఆ దీవుల నుండి హామ్ పిలుపు వినబడి చాల యేండ్లయినందున దేశదేశముల హామ్‌లు ఆమెతో మాటలాడుటకు ఆతురపడుచుండిరి. డిసెంబరు 26 ఉదయము 6 గంటల 29 నిమిషములకు సుమత్రా సమీపమున మహాభూకంపము కలిగి, సునామీ దీవులను ముంచెను. టెలిఫోనులు పనిచేయలేదు. దూరస్నేహముల కొఱకు కట్టిన ఏరియలే ఆ దినము మొదలుకొని వార్తామార్గమయ్యెను. ఆమెయు, సహచరులును దీవులలోని స్థితిని ప్రధానభూభాగమునకు తెలిపిరి. తమవారు జీవించియున్నారో లేదో యని తల్లడిల్లు కుటుంబములకు కబురులందించిరి. కార్ నికోబారులో మఱియొక స్టేషను నెలకొల్పబడెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకి సెల్‌ఫోనులు మూగవోయినపుడును హామ్‌లు రేడియోలతో సాయపడిరి.

భారతీ ప్రసాద్ ఆ ఉదయమున క్రొత్తగ ఏమియు నేర్వలేదు. ఏరియలు కట్టుట, తరంగమును ఎన్నుకొనుట, రొదలో నుండి బలహీనమైన పిలుపును ఏఱుకొనుట ఏండ్ల తరబడి అభ్యసించినవే. ఆపద వచ్చిన పిదప నేర్చుకొనుటకు వ్యవధి ఉండదు. గుట్ట మీద, చెట్టు క్రింద, అయిదు వాట్లతో ఆదివారము గడుపు హామ్ తెలిసియో తెలియకయో అట్టి దినమునకు సిద్ధమగుచున్నాడు.

వినుట విద్యార్థికి మంచి ఆరంభము. అనుభవము గల హామ్ చెంత కూర్చుండి విన్నచో సగము విద్య అబ్బును. ఎనిమిదవ తరగతి చదువు బాలబాలికలు పండ్రెండేండ్లు నిండినవారే. పరీక్షలో అడుగు విద్యుత్తు, తరంగములు అను విషయములు వారి విజ్ఞానశాస్త్ర పుస్తకమునందే మొదలగుచున్నవి. పట్టుదల గల విద్యార్థి కల్వకుర్తి గుట్ట మీద వేపకొమ్మకు తీగ కట్టి, తన సంకేతనామముతో పిలిచి, చెవియొగ్గి కూర్చుండు దినము దూరమున లేదు. ఎచటి నుండియో ఒకరు బదులు పలుకుదురు.