సిట్టింగు రేటు కాదు, నెల ఖర్చు చూడమ్మా

చెల్లెమ్మా, ఇంట్లో ఒకరికి డయాలసిస్ తప్పదని డాక్టరు చెప్పగానే మనం చేసే మొదటి పని, నాలుగు సెంటర్లకు ఫోను చేసి "సిట్టింగుకి ఎంత?" అని అడగడం. చేతిడబ్బుతో నెట్టుకొచ్చే ఇళ్లలో ఆ ఆత్రం సహజమే. కానీ ఇది ఒకరోజుతో తీరే ఖర్చు కాదు, ఏళ్ల తరబడి నెలనెలా పడేది. అందుకే నెల మొత్తానికి లెక్క కట్టమంటాను.

ఒక కాగితం తీసుకో. మెషిన్ మీద రక్తం శుద్ధి చేసే హీమో డయాలసిస్ మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. సిట్టింగుకి 2,000 అనుకుంటే నెలకు 13 సిట్టింగులు, 26 వేలు. దాని కిందే మిగతావీ రాయి: రక్తం పట్టడానికి ఎరిత్రోపోయిటిన్ ఇంజక్షన్లు, ఐరన్, ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు, రక్తపరీక్షలు, రానూపోనూ చార్జీలు, తోడు వెళ్లినవాళ్లు పోగొట్టుకునే కూలి. అన్నీ కూడితే, దూరాన ఉన్న చవక సెంటరే ఎక్కువ తేలొచ్చు.

రేటు చెప్పినప్పుడు ఇవీ అడుగు. రక్తం వడకట్టే డయలైజరు, ట్యూబులు అందులోనే కలిశాయా? డయలైజరును కడిగి ఎన్నిసార్లు వాడతారు? హెపటైటిస్ ఉన్నవాళ్లకు వేరే మెషిన్ ఉందా? ఒక్క ఇన్‌ఫెక్షన్ సోకిందంటే, రేటులో మిగిలిందంతా ఆస్పత్రి బిల్లుకే పోతుంది.

రెండో దారి పొట్ట ద్వారా ఇంట్లోనే చేసుకునే సీఏపీడీ. రోజుకు మూడు బ్యాగులు, ఒక్కోటి 280 అనుకుంటే నెలకు 25 వేల పైమాటే. మొదట్లో పొట్టలో గొట్టం అమర్చే ఖర్చు వేరే. కాగితం మీద రెండూ దగ్గరగానే ఉన్నా, ఇందులో వారానికి మూడు ప్రయాణాలుండవు, మనిషి పనికీ వెళ్లొచ్చు. సెంటరుకు దూరంగా ఉన్న పల్లెవాళ్లకు ఇది పెద్ద ఊరట. కానీ చేతులు, గది శుభ్రంగా లేకపోతే పొట్టలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఏది సరిపడుతుందో నెఫ్రాలజిస్టునే అడగాలి. ఇక కిడ్నీ మార్పిడికైతే మొదట పెద్ద మొత్తం, తర్వాత జీవితాంతం మందులు కావాలి. దాత దొరికే వీలుంటే ఆ లెక్క కూడా ఇప్పుడే అడిగి పెట్టుకో.

క్రియాటినిన్ పెరుగుతోందని తెలిసిన రోజే, హీమో డయాలసిస్‌కు సూదులు పెట్టే దారి, ఫిస్ట్యులా సంగతి కదుపు. చేతికి ఆ చిన్న ఆపరేషన్ చేశాక నరం బలపడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆలస్యమైతే మెడలో కాథెటర్ వేయాల్సి వస్తుంది. దానితో ఇన్‌ఫెక్షన్ భయమూ, ఆపైన ఫిస్ట్యులా ఖర్చూ రెండూ మన నెత్తినే.

బంగారం తాకట్టు పెట్టేముందు ప్రభుత్వ సాయం కనుక్కో. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, డయాలసిస్‌కు వర్తిస్తాయి. 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద పేదలకు జిల్లా ఆస్పత్రుల్లో ఉచితం. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు రెండు రాష్ట్రాలూ పింఛను ఇస్తున్నాయి. ఇవేవీ వర్తించని ఉద్యోగస్థులకు పాత పన్ను విధానంలో ఈ చికిత్స ఖర్చు మీద 40 వేల వరకు, 60 దాటిన రోగికైతే లక్ష వరకు మినహాయింపు ఉంది. బిల్లులు దాచుకో.

అన్నిటికన్నా నన్ను కలతపెట్టేది ఒకటుంది. రోగి ఇంటి ఆడమనిషే అయితే, "ఈ వారం ఒకటి మానేస్తాలే, పిల్లల ఫీజుంది" అంటుంది. అలా మానేస్తే ఒంట్లో నీరు చేరి ఆయాసం ముంచుకొస్తుంది, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. అప్పుడు ఐసీయూలో ఒక్కరోజు బిల్లు ఎన్ని సిట్టింగులను మింగేస్తుందో! డబ్బు చాలకపోతే నోరు విప్పి డాక్టరుకు చెప్పు, అందులో నామోషీ లేదు. ఏ మందు చవకగా దొరుకుతుందో, ఏ సెంటరులో రాయితీ ఉందో ఆయనకు తెలుస్తుంది. ఖర్చు ఎక్కడ తగ్గించుకున్నా, సిట్టింగు మాత్రం మానవద్దు తల్లీ.